క్రూన్‌స్టెట్ జీవితం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

స్వీడన్ నౌకాధికారి కార్ల్ ఊలోఫ్ క్రూన్‌స్టెట్ మీద నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగా ఒదుగుతోంది. ముందుగా ఒక పని చెయ్యి. ఎర్ర పెన్ను తీసుకుని నీ రాతలో అతన్ని ఎక్కడెక్కడ ఏ సర్వనామంతో పిలిచావో గీతలు గీసుకుంటూ పో. 1790లో రష్యా మీద స్వెన్స్క్‌సుండ్ యుద్ధం గెలిచిన రోజున "ఆయన" అన్నావు, "నడిపించారు" అన్నావు. కోట కమాండరుగా పంపేశాక "అతడు" అయ్యాడు. 1808లో కోట అప్పగించిన పేజీకి వచ్చేసరికి "వాడు" అని కూడా పడింది. మన భాషలో క్రియ చివరి అక్షరమే తీర్పు చెప్పేస్తుంది. సాక్ష్యం చూపించకముందే పాఠకుడి చేత శిక్ష వేయించేశావు.

అందుకని "అతను", "చేశాడు" అని ఒక్కటే పెట్టుకో. రాజుకూ అదే, శత్రువుకూ అదే, పుట్టుక నుంచి చావు దాకా అదే. ఈ పుస్తకానికి నేను చెప్పగలిగిన సలహాల్లో ఇదే పెద్దది. మిగతావన్నీ దీన్ని పట్టుకునే వస్తాయి.

మనిషి ఒక్కడే కదా. 1756లో ఫిన్లాండ్ నేల మీద పుట్టాడు. అప్పటికి ఫిన్లాండ్ వేరే దేశం కాదు, స్వీడన్ రాజ్యానికి తూర్పు భాగం. యువకుడిగా కొన్నేళ్లు బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు సముద్రం చూశాడు. 33 ఏళ్ల వయసులో స్వీడన్ నౌకా చరిత్రలోకెల్లా పెద్ద గెలుపును నడిపించాడు. 51 ఏళ్ల వయసులో, వైస్ అడ్మిరల్‌గా ఉండి, స్వేయబోరి కోటను రష్యాకు అప్పగించాడు. 1820లో హెల్సింకి పక్కన హెర్టొనియెమి అనే చోట తన సొంత బంగళాలో కన్నుమూశాడు. నీ మొదటి అధ్యాయంలో "రాబోయే పతనం తెలియని ఆ పసివాడు" అని ఉంది. కొట్టెయ్. 1756లో ఎవరికీ తెలియనిదాన్ని 1756 పేజీలో రాయకూడదు. ఆ ఏడాది నిజంగా జరిగినది ఇంకొకటి ఉంది, అది రాయి. తీరప్రాంతపు ద్వీపాల మధ్య పోరాడటానికి స్వీడన్ ప్రత్యేకంగా ఒక దళం పెట్టుకుంది, దాని పేరు "సైన్యపు నౌకాదళం". అది ఏర్పడిందీ 1756లోనే. అతని జీవితమంతా దానితోనే ముడిపడింది.

ఈ దళం గురించి పాఠకుడికి ఒక పేరా నిండా చెప్పాలి. లోతు సముద్రంలో తిరిగే పెద్ద తెరచాప ఓడలు వేరే దళం, వాటి స్థావరం కార్ల్స్‌క్రూనా. ఇది మాత్రం సైన్యం కింద ఉండేది. నీ రాతలో అతను స్వెన్స్క్‌సుండ్ దగ్గర "అడ్మిరల్" అయిపోయాడు. కాదు, ఆ రోజుకు అతను లెఫ్టినెంట్ కల్నల్. నీళ్ల మీద లెఫ్టినెంట్ కల్నల్ ఏమిటని పాఠకుడు ఆశ్చర్యపోతే పోనీ. ఆ ఆశ్చర్యాన్నే వాడుకుని దళం సంగతి చెప్పు.

పేర్లలో మూడు గుంటలున్నాయి, రెండింటిలో నువ్వు ఇప్పటికే పడ్డావు. స్వీడన్‌లో రాజు ఎవరికైనా కులీన హోదా ఇస్తే తరచు కొత్త ఇంటిపేరు కూడా ఇచ్చేవాడు. "క్రూన్" అంటే కిరీటం. ఆ ముక్కతో మొదలయ్యే వంశనామాలు బోలెడు. 1751లో నికెల్ లోహాన్ని కనిపెట్టిన ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రూన్‌స్టెట్‌ను నీ కథానాయకుడి తండ్రిని చేసేశావు. కాదు, సరిచెయ్యి. 1808 యుద్ధంలోనే సవోలాక్స్ బ్రిగేడ్‌ను నడిపిన సైన్యాధికారి యూహాన్ ఆడమ్ క్రూన్‌స్టెట్ మరొకడు. పాత పత్రాల్లో "క్రూన్‌స్టెట్ ఉత్తరానికి వెనుదిరిగాడు" అని కనిపిస్తే అది అతను, కోటలో ఉన్న మనవాడు కాదు. ఇక రష్యా నౌకా స్థావరం క్రూన్‌స్టాట్ ఉంది. తెలుగు లిపిలో ఈ రెండింటికీ తేడా ఒక్క గుణింతపు గుర్తు. ప్రూఫ్ చూసేవాళ్లకు ముందే చెప్పి ఉంచు. యేగర్‌హూర్న్ అనే పేరూ అంతే. 1788లో రాజుకు వ్యతిరేకంగా అంజాల కుట్రలో ముందు నిలిచిన యేగర్‌హూర్న్ వేరు, 1808లో కోట తరఫున బేరసారాలు నడిపిన కల్నల్ ఫ్రెడ్రిక్ ఆడోల్ఫ్ యేగర్‌హూర్న్ వేరు. ఇద్దరిదీ ఒకే వంశం. ఇద్దర్నీ ఒకడిగా చేసేస్తే కథ భలే బిగుస్తుంది, కానీ అబద్ధమవుతుంది.

ఊళ్లకు రెండేసి పేర్లు. స్వీడిష్‌లో స్వెన్స్క్‌సుండ్, ఫిన్నిష్‌లో రువోట్సిన్‌సల్మి, ఇప్పటి కోట్కా నగరం పక్కన. స్వేయబోరి 1918 నుంచి సువోమెన్‌లిన్నా. కథాకాలంలో అతని నోట వచ్చే పేరే వాడు, ఇప్పటి పేరు మొదటిసారి మాత్రం చెప్పి వదిలెయ్. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి "స్వీబోర్గ్" అని దించకు. ఆ చివరి అక్షరం స్వీడిష్‌లో "గ్" కాదు, "య్" లాగా పలుకుతుంది. తెలుగు నాలుకకు "స్వేయబోరి" హాయిగా తిరుగుతుంది.

తారీఖులు జాగ్రత్త. స్వీడన్ 1753లోనే ఇప్పుడు మనం వాడే క్యాలెండర్‌కు మారింది, రష్యా మారలేదు. 18వ శతాబ్దంలో తేడా 11 రోజులు, 19వ శతాబ్దంలో 12. నీ రాతలో యుద్ధం జులై 9న మొదలై రష్యన్ నివేదిక జూన్ 28న వెళ్లినట్టుంది. యుద్ధం కంటే ముందే దాని నివేదిక ఎలా వెళుతుంది? రెండూ ఒకే రోజు. ఈ తేడాలోనే ఒక మంచి సంగతి కూడా ఉంది. రష్యన్ లెక్క ప్రకారం జూన్ 28 రష్యా రాణి కేథరిన్ సింహాసనమెక్కిన రోజు. రష్యన్ సేనాని నసావ్-సీగెన్ ఆ రోజే గెలుపు కానుకగా ఇవ్వాలనుకున్నాడు, అందుకే ఆగలేదు.

కొలతలు మరీ ప్రమాదం. పాత స్వీడిష్ "మిల్"ను నువ్వు మైలు అనుకున్నావు. అది 10 కిలోమీటర్ల 688 మీటర్లు. మైలు అని రాస్తే దూరం ఆరో వంతుకన్నా తక్కువకు కుంచించుకుపోతుంది, నాలుగు రోజుల నడక పూటలో అయిపోతుంది. ఫిరంగులకు చెప్పే పౌను కూడా ఇంగ్లీషు పౌను కాదు, సుమారు 425 గ్రాములు. 24 పౌన్ల ఫిరంగి అంటే గుండు పది కిలోలకు కాస్త పైన. "పది కిలోల ఇనుప గుండు" అని రాయి, పాఠకుడు చేతిలో బరువు తూచుకుంటాడు.

ఇక స్వెన్స్క్‌సుండ్. నీ వర్ణనలో ఆటుపోట్లు వచ్చాయి. బాల్టిక్‌లో ఆటుపోట్లు లేనట్టే లెక్క, తేడా కొద్ది సెంటీమీటర్లే. మన బంగాళాఖాతం చూసి పెరిగిన కళ్లకు సముద్రమంటే ఆటుపోటే, కానీ అక్కడ ఓడను కదిలించేది గాలీ, తెడ్డూ. అర్ధరాత్రి "కటిక చీకటి" అని రాశావు. జులై మొదట్లో ఆ అక్షాంశంలో రాత్రి పూర్తిగా చీకటి పడదు.

యుద్ధాన్ని రాజు గుడారం నుంచి కాక ఒక చిన్న పడవలోంచి చూపించు. ఫ్రెడ్రిక్ హెన్రిక్ ఆఫ్ చాప్‌మన్ అనే నౌకా నిర్మాత ఈ దళానికి గీసిన పడవల్లో "కనూన్‌యొల్లె" అని ఒకటుంది. తెరచాప ఉన్నా పోరాటంలో నడిచేది తెడ్లతోనే. పాతిక మంది దాకా మనుషులు, ఒకే ఒక్క పెద్ద ఫిరంగి. ఆ ఫిరంగి ఉండేది ముందు కాదు, వెనక. మన తీరంలో పడవ ముందు భాగాన్ని అణియమనీ వెనక భాగాన్ని అమరమనీ అంటారు కదా, ఆ మాటలు ఇక్కడ చక్కగా పనికొస్తాయి. ఫిరంగి అమరం వైపు ఉంటుంది కాబట్టి పడవ శత్రువు మీదికి వెనక్కి వెనక్కి పోవాలి. తిప్పి పారిపోవాల్సి వస్తే అణియం అప్పటికే ఇంటివైపు చూస్తూ ఉంటుంది. పడవ నీటికి ఆనుకుని ఉంటుంది, పెద్ద ఓడ గుండుకు సులువుగా దొరకదు. గాలి లేకపోయినా కదులుతుంది. లోపమల్లా అల. కాస్త అల లేస్తే ఫిరంగి మొన ఒకసారి ఆకాశాన్నీ ఒకసారి నీళ్లనూ చూస్తుంది, గురి నిలవదు. అందుకే ద్వీపాల చాటు కావాలి. ఈ ఒక్క కారణం పాఠకుడికి అర్థమైతే యుద్ధమంతా అర్థమైనట్టే.

వరుస ఇది. 1789 ఆగస్టు 24న ఇదే చోట స్వీడన్ ఓడిపోయింది. 1790 జులై 3న వీబోరి అఖాతంలో చిక్కుకున్న స్వీడిష్ నౌకలు నష్టపోయి బయటపడ్డాయి. తీరదళం స్వెన్స్క్‌సుండ్ చేరింది. జులై 6న క్రూన్‌స్టెట్ బాల్టిక్ దక్షిణ తీరంలోని పొమెరేనియా దళంతో వచ్చి కలిశాడు. అప్పటిదాకా నౌకలను నడిపిస్తున్న దె ఫ్రేస్‌ను పక్కకు పెట్టి, రాజు మూడవ గుస్తావ్ ఇతన్ని తన ప్రధాన నౌకాధికారిగా నియమించాడు. అంటే తయారీకి దొరికింది మూడు రోజులు. ఈ మూడు రోజులకూ నువ్వు రెండు వాక్యాలిచ్చావు, గెలుపు సంబరాలకు ఐదు పేజీలు. తిరగెయ్యి. నౌకలను లంగరు వేసి వంపుగా నిలబెట్టడం, చిన్న పడవలను రెండు పక్కలకూ పంచడం, శత్రువును ఆ వంపులోకి రానివ్వడం అనే పనులే అతని ప్రతిభ. నైరుతి గాలి రష్యన్ ఓడలను లోపలికి తెచ్చింది, తిరిగి పోనివ్వలేదు. అలసిపోయిన తెడ్లవాళ్ల గేలీలు, అంటే తెడ్డు ఓడలు, చెదిరి తమ ఓడలకే అడ్డంపడ్డాయి. మర్నాటికి రష్యా ఏభైకి పైగా నౌకలనూ ఏడు వేల పైచిలుకు మనుషులనూ పోగొట్టుకుంది. ఈ అంకెలు పుస్తకానికొక తీరుగా ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ చివరి ఒకటి వరకు లెక్కగా రాయకు, "పైచిలుకు" మనకున్న మంచి మాట. ఆగస్టు 14న వేరేలే సంధి కుదిరింది, సరిహద్దు అంగుళం కదల్లేదు. అంత గెలుపుకూ ఫలితం ఉన్నది నిలవడమే. ఇది చెప్పకపోతే పాఠకుడు స్వీడన్ ఏదో రాజ్యం గెలుచుకుందనుకుంటాడు.

తర్వాతి పదేళ్లు క్లుప్తంగా పోనీ. 1792లో రాజు హత్య, కొడుకు నాలుగవ గుస్తావ్ ఆడోల్ఫ్. అతని కాలంలో క్రూన్‌స్టెట్ నౌకాదళ పాలనలో పైకెదిగి, 1801లో రాజు అనుగ్రహం పోగొట్టుకుని స్వేయబోరికి వచ్చాడు. ఆ కోపమే 1808కి కారణమని రాయాలనిపిస్తుంది. పత్రం లేకుండా రాయకు. ఏడేళ్ల కిందటి అవమానం ఒక మనిషి మనసులో ఉండవచ్చు, కానీ ఉండవచ్చనేది రుజువు కాదు.

పుస్తకంలో సగం బరువు మోయాల్సింది 1808 మార్చి నుంచి మే దాకా. ఇక్కడ తొందరపడకు.

స్వేయబోరి పని 1748లో అగస్టిన్ ఎరెన్‌స్వేర్డ్ చేతుల మీదుగా మొదలైంది. హెల్సింగ్‌ఫోర్స్ (ఇప్పటి హెల్సింకి) ముందు సముద్రంలో ద్వీపాలను కలుపుకుని కట్టిన కోట. ఇది నీటి కోట, కానీ ఆ నీరు ఏడాదిలో కొన్ని నెలలు నేల అవుతుంది. మన పాఠకుడి అనుభవంలో సముద్రం గడ్డకట్టదు, కాబట్టి దీన్ని ఒక మాటతో దాటించలేవు. చలికాలంలో ఆ సముద్రం మీద మనుషులు నడుస్తారు, గుర్రపు బండ్లు లాగుతాయి, ఫిరంగులు తెచ్చి పెడతారు. ఓడ మాత్రం రాలేదు. కోటను కాపాడాల్సిన సముద్రమే శత్రువుకు బాట వేసి, సాయం వచ్చే దారి మూసేసింది. రష్యా 1808 ఫిబ్రవరి 21న సరిహద్దు దాటింది అందుకే. మార్చి 2న హెల్సింగ్‌ఫోర్స్ పోయింది. మార్చి 18న తూర్పున ఉన్న చిన్న నీటికోట స్వార్ట్‌హోల్మ్ లొంగింది, అది కమాండరు మనసు మీద పనిచేసే వార్త. మార్చి 19 నుంచి 21 దాకా రష్యన్లు స్వేయబోరి మీద ఫిరంగులు పేల్చారు, నష్టం స్వల్పం. లోపల ఆరు వేలకు పైగా సైనికులు, ఏడు వందలకు పైగా ఫిరంగులు, మంచులో బిగిసి నిలిచిన వంద దాకా తీరదళ నౌకలు. బయట ఉన్న సేన దీనికంటే పెద్దదేమీ కాదు.

ఏప్రిల్ 6న లొన్నా అనే చిన్న ద్వీపం మీద అతను రష్యన్ జనరల్ సుఖ్తెలెన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. నువ్వు "ఏప్రిల్ 6న లొంగిపోయాడు" అని రాశావు. అతను ఒప్పుకున్నది వేరు. మే 3 మధ్యాహ్నం లోపల స్వీడన్ నుంచి ఐదు పెద్ద యుద్ధనౌకలు కోట రేవుకు చేరితే కోట స్వీడన్‌దే, చేరకపోతే రష్యాది. హామీగా మూడు చిన్న ద్వీపాలు ముందే ఇచ్చేశాడు. స్టాక్‌హోమ్‌కు వార్త తీసుకెళ్లే దూతలు రష్యా చేతిలో ఉన్న దారుల గుండానే పోవాలి, వాళ్లు సమయానికి చేరలేదు. మే మొదటి వారంలో ఆ సముద్రం ఓడకు దారి ఇస్తుందన్న భరోసా ఏ ఏడాదీ లేదు. "ఒప్పుకున్నాడు", "అప్పగించాడు", "లొంగిపోయాడు" అనే మూడు మాటల్ని మూడు వేర్వేరు పనులకు ఉంచుకో. ఏప్రిల్ 6న ఒప్పుకున్నాడు, మే 3న అప్పగించాడు. మూడోది స్వార్ట్‌హోల్మ్‌కు వాడు.

నౌకల సంగతి ఇంకా బరువైనది. కోట నిలవకపోతే నౌకలను తగలబెట్టాలని ఉత్తర్వు ఉంది. అతను తగలబెట్టలేదు. కోటను ఎందుకిచ్చాడంటే మందుగుండు, కుటుంబాలు, మంచు అని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నౌకలను ఎందుకు మిగిల్చాడంటే చెప్పడం కష్టం. ఒప్పందంలో ఒక షరతు ఉంది, నీ రాతలో అది అసలు లేదు. 1807లో కోపెన్‌హాగెన్ నుంచి తీసుకుపోయిన డెన్మార్క్ నౌకలను బ్రిటన్ తిరిగి ఇస్తే, శాంతి తర్వాత రష్యా ఈ నౌకలను స్వీడన్‌కు తిరిగి ఇస్తుందట. మూడో దేశం నాలుగో దేశానికి చేయాల్సిన పని మీద తన దళం భవిష్యత్తును ఆనించాడు. ఆ షరతు మొత్తం పేజీ మీద పెట్టు, వ్యాఖ్య చెయ్యకు. స్వెన్స్క్‌సుండ్ దగ్గర మూడు రోజుల్లో ప్రతి పడవ చోటూ ఎంచిన మనిషి రాసుకున్న వాక్యమది. పాఠకుడే పోల్చుకుంటాడు.

"రష్యా బంగారం" మాట తీసెయ్. లంచం తీసుకున్నాడన్న పుకారు పుట్టింది, రుజువు దొరకలేదు. తర్వాత రష్యా పింఛను ఇచ్చింది, అది నిజం. పింఛను వచ్చింది కాబట్టి ముందే అమ్ముడుపోయాడని తేల్చడం తారీఖులను తలకిందులు చేయడం. యుద్ధ సమాలోచన జరిగిన గదిలో నువ్వు రాసిన సంభాషణలు కూడా తీసెయ్. బాగున్నాయి, నిజమే, కానీ అవి అతని నోటివి కావు. దాని బదులు రష్యన్లు కోటలోకి ఏ వార్తలు చేరనిచ్చారు, ఏవి ఆపారు, హెల్సింగ్‌ఫోర్స్‌లో చిక్కుకున్న అధికారుల కుటుంబాలు ఏమి మోసుకొచ్చాయి అన్నది చూపించు. అతను భయపడ్డాడని నువ్వు చెప్పనక్కర్లేకుండా ఆ గది నిండా భయం పేరుకుంటుంది.

కోట రాచగుమ్మం మీద ఎరెన్‌స్వేర్డ్ కాలపు శాసనం ఉంది: రాబోయే తరమా, నీ సొంత నేల మీద నిలబడు, పరాయి సాయాన్ని నమ్మకు అని. నువ్వు దాన్ని లొంగుబాటు పేజీ చివర పెట్టావు. ఆ చోట అది అతకదు. 1808లో వాళ్లు ఎదురుచూసింది పరాయి ఓడల కోసం కాదు, తమ రాజ్యపు ఓడల కోసమే. కోట కట్టిన అధ్యాయంలో పెట్టు.

మరణానంతరం ఒక్క సంగతి వదలకు. 1848లో ఫిన్లాండ్ కవి రూనెబెరి ఈ యుద్ధం మీద రాసిన కవితల్లో స్వేయబోరి కవిత ఒకటి. అందులో కోట అప్పగించినవాడి పేరు పలకనివ్వడు. ఫిన్లాండ్, స్వీడన్ బడుల్లో తరాలకొద్దీ పిల్లలు అది చదివారు. చరిత్రకారులు తర్వాత ఏం తవ్వితీసినా, ఆ కవిత వేసిన ముద్ర మీదే రాయాల్సి వచ్చింది. 1808లో ఆ కవికి నాలుగేళ్లు. కవిత సాక్ష్యం కాదు, కానీ అతని పేరుకు ఏమైందో తెలియాలంటే అదే మొదటి పత్రం. ఆ రెంటినీ వేరువేరు అధ్యాయాల్లో పెట్టు.

మూల పత్రాలకు స్టాక్‌హోమ్ యుద్ధ పత్రాగారం, హెల్సింకి జాతీయ పత్రాగారం ఉన్నాయి. స్వీడిష్ జీవిత చరిత్రల నిఘంటువు, ఫిన్లాండ్ పాత వార్తాపత్రికలు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చదవొచ్చు. ఆ కాలపు అచ్చు చాలావరకు పాత జర్మన్ లిపిలో ఉంటుంది, "ఎస్" అక్షరం "ఎఫ్" లాగా కనిపిస్తుంది. యంత్రానువాదం అక్కడే తప్పుతుంది. పేరుగానీ అంకెగానీ వచ్చిన ప్రతి చోటా మూలం బొమ్మను నీ కళ్లతో చూడు.

తిరగరాసే ముందు ఒక పట్టిక గీసుకో. ఫిబ్రవరి 21 నుంచి మే 3 దాకా రోజుకొక గడి. ఒక నిలువులో స్వీడిష్ తేదీ, పక్కన రష్యన్ తేదీ, తర్వాత ఆ రోజు మంచు స్థితి, ఆ రోజుకు క్రూన్‌స్టెట్‌కు తెలిసినది, తెలియనిది. రుజువు లేని గడి ఖాళీగా వదిలెయ్. నాలుగైదు గడులు వరసగా ఖాళీ ఉన్న చోట నీ కథనం కూడా నెమ్మదించాలి, ఊహతో నింపకూడదు. రెండో ప్రతి పంపేటప్పుడు ఆ పట్టికనూ జతచెయ్యి. ముందు అదే చూస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య